జనానికి వీపు పెట్టి ఆడినామె

బోధన్
4 ఆగస్టు 2024

సమస్త జనులకు, ముఖ్యంగా హైదరాబాద్ హాస్టల్‌ల నీళ్లచారు తాగి చిక్కిపోతున్న నా మేనకోడలు నిఖితకు తెలియజేయునది ఏమనగా,

ఇయ్యాల పొద్దుగాల తొమ్మిది గంటల పది నిమిషాలకు, బోధన్ బస్టాండు పక్కన, లింగం చెరుకు రసం బండి చక్రానికి గజ్జెలు కట్టబడినవి. కార్యక్రమానికి పక్కబండి మిర్చీల పోశన్న అధ్యక్షత వహించిండు. ఒక కుక్క హాజరైంది. పోశన్న రెండు ముచ్చట్లు మాట్లాడుతనన్నడు గని నూనె కాగినదని పోయిండు. సభ ముగిసింది.

నవ్వకు. చక్రం తిప్పితే ఘల్లు ఘల్లు అంటున్నది. వర్నికి పోయే బస్సుల కూసున్నోళ్లు కిటికీలకెళ్లి తలకాయలు బయటపెట్టి చూస్తున్నరు.

ఫోన్ చెయ్యి మామా అంటవు. చెక్కర ఫ్యాక్టరీ మిల్లుల ఇరవై ఏండ్లు చేసినోని చెవుల ఇంకేం మిగుల్తది? నువ్వు "బాగున్నవా" అంటె నాకు "బాగోతమా" అని ఇనబడ్తది. వాట్సాప్‌ల రాద్దమంటే నా వేలు ఒక్కపారి మూడు అక్షరాల మీద పడ్తది. ఏడో తరగతి తప్పినా కాయితం మీద రాసుడు మాత్రం మరువలే.

ఇగ గజ్జెలు ఏడికెళ్లి వచ్చినయి అంటవేమో. నీకు తెల్వదు గని, మన ఖాందాన్‌ల నీకంటె ముందే ఒక ఆటామె ఉండె. తిరుపతమ్మ. మా నాయనమ్మకు అక్క. నేను, మీ అమ్మ పెద్దవ్వ అంటుంటిమి. చందూర్ దిక్కు ఒక గోపాలస్వామి గుడి ఉంటది, ఆ గుడిల దేవుని ముంగట ఆడెటిది. ఈ గజ్జెలు ఆమె కాళ్లయే. అటుక మీద సందుగ పెట్టెల దొరికినయి. ఆమె దేవునికి ఆడింది, నేను చెరుకుగడలను ఆడిపిస్తున్న. ఇంటి పేరు నిలబెట్టుడంటె గిదే.

రసం తప్ప సారం లేని మీ మామ,
లింగం

*

హైదరాబాద్
12 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరం మెస్‌లో గట్టిగా చదివాను. కుక్క హాజరైన చోట నా స్నేహితురాలు శ్రీవాణికి పొలమారింది. ఆ తర్వాత గజ్జెల సంగతి వచ్చింది. అక్కడి నుంచి నాలో నేనే చదువుకున్నాను.

మన ఇంట్లో గుడిలో ఆడినామె ఉందా? అమ్మ ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ పేరెత్తలేదు. నేను నాట్యం నేర్చుకుంటానన్నప్పుడు వారం రోజులు మాట్లాడకుండా బీడీలు చుట్టింది. ఆకు కత్తిరించే చప్పుడు తప్ప ఇంట్లో మరో చప్పుడు లేదు. ఖర్చు గురించి భయపడుతోందనుకున్నాను.

ఇక్కడి సంగతి చెప్తాను. నవంబరు 24న మా కాలేజీ వాళ్లం నిజామాబాద్‌లో కార్యక్రమం ఇస్తున్నాం. మా గురువు ఉమారాణి మేడం ఒక షరతు పెట్టారు. ప్రతి ఒక్కరూ తమ ఇంటి నుంచి జరిగిన సంగతి ఒకటి తెచ్చి, దాన్ని నాట్యంగా కట్టాలి. "కల్పన వద్దు. అబద్ధం నోట్లో దాగుతుంది, కాళ్లలో దాగదు" అన్నారు. అలాంటిది తేలేనివాళ్లకు ఆ రోజు వేదిక మీద చోటు లేదు. శ్రీవాణి వాళ్ల తాత భాగవతాల్లో వేషం కట్టేవాడట. బీడీలు చుట్టే ఇంటి నుంచి నేనేం తెస్తానని నెల రోజులుగా కుమిలిపోతున్నాను.

మేడం మాకు ఈ నాట్యం చరిత్ర చెప్పినప్పుడు ఒక మాట నాలో ఉండిపోయింది. మొదట ఇది పూజ. దీపం పట్టినట్టు, పూలు పెట్టినట్టు, ఆడవాళ్లు దేవుడి ముందు అడుగు వేసేవాళ్లు. తర్వాత దొరల కచేరీలకు వెళ్లింది. తర్వాత ఆ ఆడవాళ్ల బతుకు అన్యాయమని గుడి ఆట మాన్పించారు. అన్యాయం నిజమే. కానీ ఆట మళ్లీ వేదిక ఎక్కింది, చప్పట్లు వచ్చాయి, బిరుదులు వచ్చాయి. గుడిలో ఆడినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ పైకి తేలేదు. నేను వేసే ప్రతి అడుగూ ఎవరో ఒక తిరుపతమ్మ దాచిపెట్టిందే.

ఆమె ఎలా ఆడేది? ఎటు తిరిగి నిలబడేది? నువ్వు చూశావా? అన్నీ రాయి. ఆ గజ్జెలు నాకు పంపు. అమ్మకు అప్పుడే చెప్పకు.

నీ కోడలు,
నిఖిత

*

బోధన్
19 ఆగస్టు 2024

భూమికి జర పైన నడుస్తున్న నా కోడలు పిల్లకు,

నీ ఉత్తరం పోశన్నకు సదివి ఇనిపించిన. "మీ ఇంట్ల గింత కత ఉందా" అని నాకు రెండు మిర్చీలు ఎక్కువ పెట్టిండు. తిరుపతమ్మ చచ్చిపోయి నలభై ఏండ్లాయె, ఇప్పుడు గూడ నాకు తిండి పెడ్తున్నది చూడు.

గజ్జెలు బండికి విప్పిన. హైదరాబాద్ బస్సు డ్రైవర్ రాజేష్ చేతికి ఇచ్చిన, తెస్తడు. ఇప్పుడు నా చక్రం మూగదైంది. "ఏమయ్య లింగం, రసం పలుచగైంది" అని గిరాకీలు అంటున్నరు. రసం గదే. చప్పుడు లేకుంటె తీపి తగ్గుతదట.

ఎటు తిరిగి ఆడేదంటివి. దేవుని దిక్కు. జనానికి వీపే. మీ స్టేజీల మీద దేవుణ్ని ఒక మూలకు కూసోబెట్టి, జనం దిక్కు తిరిగి ఆడ్తరు గద. ఆమెకు గట్ల తెల్వదు. గుడికి వచ్చినోళ్లు వస్తరు, పోయేటోళ్లు పోతరు, ఆమె ఎనుకకు తిరిగి చూసేదే కాదు. ఊరోళ్లు పాతికేండ్లు ఆమె జడ, ఆమె మడిమెలు చూసిండ్రు. ఆడేటప్పుడు ఆమె మొగం ఎట్లుంటదో దేవునికి ఒక్కనికే ఎరుక.

ఇంకొకటి. ముగ్గు పిండి పరిచి దాని మీద ఆడితే, ఆట అయిపోయేటాళ్లకు ఆమె కాళ్ల కింద తామరపువ్వు తయారయ్యేది. ఎన్మిది రేకులు.

చూసినవా అంటవా? చూసిన. నాకు ఎన్మిదేండ్లు. గుడి తలుపు సందులకెళ్లి చూసిన. ఆమెకు డెబ్బై దాటినయి. పూజారి తప్ప ఎవలు లేరు. హారతి పళ్లెం పట్టుకొని తిరుగుతుంటె దీపం కొంచెం సుత కదల్లే.

మూగ చక్రం తిప్పుతున్న,
మామ

*

హైదరాబాద్
10 సెప్టెంబరు 2024

మామా,

గజ్జెలు అందాయి. మేడం చేతిలోకి తీసుకుని బరువు చూశారు. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "వీటిని కట్టుకుని ఆడాలంటే నాలుగు కాళ్లుండాలమ్మా" అని నవ్వారు. ముత్తవ్వ ఎంత బలమైన ఆటగత్తె అయి ఉంటుందో కదా. "కాలికి కట్టుకోవద్దు, దేవుడి పటం దగ్గర పెట్టు" అన్నారు. అంత గౌరవంగా అనడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

నాట్యం కట్టడం మొదలుపెట్టాను. మధ్యలో తామరపువ్వు వేస్తాను. పిండి మీద పదిహేను రోజులుగా సాధన చేస్తున్నాను. ఇప్పటికి తమలపాకులా వస్తోంది. చివరి మూడు నిమిషాలు జనానికి వీపు పెట్టి ఆడతాను. "చూసేవాళ్లు తప్పు చేసిందనుకుంటారే" అని శ్రీవాణి భయపడుతోంది. మేడం మాత్రం కళ్లు మూసుకుని, "ఇది ఎక్కడా వినలేదు నేను. చెయ్యి" అన్నారు.

కానీ అమ్మకు తెలిసిపోయింది. నేనే నోరు జారాను. ఫోన్‌లో ఇది ఎవరు చెప్పారని అడిగింది. తర్వాత, "ఆ పేరు మైకుల ఇనబడితే నేను ఆ దిక్కు తొంగి సూడ. నీకు ఎరుకనా ఆమెను ఏమనెటోళ్లో" అని పెట్టేసింది.

మామా, నిజామాబాద్ వెళ్లి అమ్మతో మాట్లాడు. ఆమె ఆడడం కళ్లతో చూసినవాడివి నువ్వొక్కడివే. నీ మాట వింటుంది.

నిఖిత

*

బోధన్
22 సెప్టెంబరు 2024

రాయబారిని పంపిన మహారాణికి,

పోయిన. మీ అమ్మ వాకిట్ల చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతున్నది. నన్ను చూసి తలకాయ గూడ లేపలే.

"ఎందుకొచ్చినవో ఎరుకనే. కూసో" అన్నది.

"అక్కా, రసం తెచ్చిన, సీసల."

"నీ రసం నువ్వే తాగు. పోరికి లేనిపోనివి నూరి పోసినవ్."

"పెద్దవ్వ మంచిగ ఆడేది అన్న. అది లేనిదా?"

అప్పుడు చేతులు ఆపింది. "లింగం, నువ్వు మొగపోనివి. నీకేం తాకలే. బడిల పోరగాండ్లు నన్ను చూసి కాళ్లు టపటప కొట్టెటోళ్లు. పంతులు గూడ నవ్వెటోడు. ఆరో తరగతి అయినంక నేను ఎందుకు బడికి పోలేదనుకున్నవ్? నా బిడ్డకు ఆ గతి వద్దని ఆ పేరు నోట్లెకెళ్లి తీసేసిన."

నాకు తెల్వదు బిడ్డా. నిజంగ తెల్వదు. మీ అమ్మకు చదువు మీద మనసు లేకుండె అనుకున్న ఇన్నేండ్లు.

నేనన్న, "అక్కా, అప్పుడు కాళ్లు కొట్టినోళ్లు ఇప్పుడు టికెట్ పట్టుకొని కుర్చీల కూసుంటరు. నీ బిడ్డ స్టేజీ మీదుంటది." ఇంత మంచి మాట నా నోట్లెకెళ్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వదు.

మీ అమ్మ మళ్ల ఆకు తీసుకున్నది. పది బీడీలు చుట్టినంక అన్నది: "వస్త. ముందు వరుసల మాత్రం కూసోను."

ఇంకేదో గూడ అడిగింది. అది పెద్ద ముచ్చట కాదు.

నీ రాయబారి

*

హైదరాబాద్
20 అక్టోబరు 2024

మామా,

అమ్మ వస్తానందని చదివి హాస్టల్ మెట్ల మీద కూర్చుండిపోయాను. నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల మధ్యలో బ్రోచరు అచ్చుకు వెళ్తుంది. నా నాట్యం గురించి నాలుగు వాక్యాలు రాశాను. గోపాలస్వామి గుడి, తామరపువ్వు, తలుపు సందులోంచి నువ్వు చూడడం, అన్నీ నీ మాటల్లోనే. ఆట మొదలయ్యే ముందు గజ్జెలను ఇత్తడి పళ్లెంలో పెట్టి వేదిక మీదికి తెస్తారు. అప్పుడు నువ్వు మైకు దగ్గరికి వచ్చి, చూసింది రెండు నిమిషాలు చెప్పాలి. తెల్ల చొక్కా వేసుకో. పోశన్న మామను కూడా తీసుకురా.

నిఖిత

*

బోధన్
27 అక్టోబరు 2024

నిఖితా,

ఈ ఉత్తరంల నవ్వులు లేవు, ఎతకకు. బ్రోచరు ఆపు. ఈ ఉత్తరం చేతికి రాంగనే ఆపు.

గజ్జెలు తిరుపతమ్మయి కావు. ఇక్కడ అంగట్ల దేవిదాస్ అని మరాఠీ మాట్లాడే ఒకాయన పగ్గాలు, ముకుతాళ్లు అమ్ముతడు. ఆయన దగ్గర కొన్న. ఎడ్ల మెడల కట్టేటియి. నాలుగు కాళ్లు కావాలె అని మీ మేడం అన్నది పొగడ్త కాదు, ఆమెకు అప్పుడే సమజైంది. నీ మనసు చిన్నబోతదని చెప్పనట్టుంది. తామరపువ్వు టీవీల ఎన్నడో చూసిన, పెద్దవ్వ కాళ్ల కింద పెట్టిన. గుడి తలుపు సందు గూడ లేదు. మీ అమ్మ ఆ దినం అడిగింది గదే: "నువ్వు పుట్టెటాళ్లకే ఆమెను గుడి మెట్లు ఎక్కనియ్యలే గద రా, నువ్వెట్ల సూసినవ్?" నేను చాయ తాగుకుంట కూసున్న.

మొదలు నిన్ను నవ్విద్దమనే రాసిన. నువ్వు గంత నమ్మి రాసేటాళ్లకు, కాదని చెప్పనీకి నోరు రాలే. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు పెట్టుకుంట పోయిన.

నిజమేందో చెప్త. ఆమె గుడిల ఆడింది నిజం. జనానికి వీపు పెట్టి ఆడింది నిజం, మా నాయనమ్మ ఎన్నో మార్లు చెప్పింది. గుడిల ఆట బందైనంక మా ఇంట్లనే ఉండె. రోజు దీపాల యాళ్లకు పెరట్ల గోడకు మొగం పెట్టి నిలబడేది. గజ్జెలు లేవు, పాట లేదు. గోడల ఒక గూడు, ఆ గూట్ల చిన్న దీపం. దానికి ఆడేది. పది నిమిషాలు. గోడ దిక్కు ఆడేటామె ఎనుక ఎవలున్నది చూడది గద. నేను ఎనుక నిలబడి ఆమెను ఎక్కిరించెటోణ్ని. ఆమె చెయ్యి లేపితే చెయ్యి, కాలు ఏస్తె కాలు. గోడ మీద పోరగాండ్లు కూసోని పడి పడి నవ్వెటోళ్లు. మీ అమ్మను బడిల ఎక్కిరించినోళ్లు ఎవలనుకున్నవ్? వాళ్లే. నేర్పింది నేను.

ఒకనాడు ఆమె గిర్రున తిరిగింది. దెబ్బ పడ్తదనుకున్న. దగ్గరికొచ్చి కింద కూసున్నది. నా కాలు మడిమె పట్టుకొని జరిపింది. "మడిమె ముంగట పడాలె. వేళ్లు లేసి ఉండాలె. బరువు ఎనుక కాలు మీద. గిట్ల" అన్నది. ఎక్కిరించుట్ల గూడ తప్పు కాలు పడొద్దు ఆమెకు. అంత పని ఉన్న మనిషి. నేను సక్కగ ఏసినంక నన్ను చూసి నవ్వింది.

ఆమెది నా దగ్గర ఉన్నది ఈ ఒక్క అడుగే. బొమ్మ గీసి ఈ ఉత్తరంతోటి పంపుతున్న.

నేను మైకు కాడికి రాను. నాకు ఆ అర్హత లేదు.

లింగం

*

హైదరాబాద్
28 నవంబరు 2024

మామా,

నీ ఉత్తరం వచ్చాక పదిహేను రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. రాయడానికి కూర్చుని నాలుగు కాగితాలు చింపాను. తర్వాత నువ్వు గీసిన బొమ్మ తీసుకుని మేడం దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. వేదిక మీద చోటు పోయిందనే అనుకున్నాను. ఆమె ఆ అడుగు నాలుగుసార్లు వేసి చూసుకున్నారు. "ఏడు నిమిషాలు ఎందుకు? మూడు చాలు. నీ దగ్గర నిజంగా ఉన్నంతే ఆడు" అన్నారు.

బ్రోచరులో మూడే మాటలు మిగిలాయి. "చందూర్ తిరుపతమ్మ నా ముత్తవ్వ. గుడిలో ఆడింది. తర్వాత పెరట్లో ఆడింది."

గజ్జెలు లేవు, పాట లేదు. వేదిక వెనక గోడ మీద ఒక దీపం పెట్టించాను. దాని వైపు తిరిగి ఆడాను. మొదట్లో హాలంతా గుసగుసలు. "పిల్లకు జనం ఎటున్నరో తెల్వదా" అని ఎవరో అన్నారు. నీ అడుగు మొదలుపెట్టాను. మడమ ముందు, వేళ్లు పైకి. అదొక్కటే, మళ్లీ మళ్లీ. కాసేపటికి నా మడమ చెక్క మీద పడే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అంతమంది వెనక ఉన్నా నా మొహం ఎవరికీ కనపడదని తెలిసినప్పుడు ఎంత హాయిగా ఉందో ఎలా చెప్పను. ఎవరికీ నచ్చాల్సిన పని లేదు. ఆమెకు రోజూ అలాగే ఉండేదేమో. చివర్లో తిరిగి, జనాన్ని చూసి నవ్వాను, ఆమె నిన్ను చూసి నవ్వినట్టు. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి.

అమ్మ మూడో వరుసలో కూర్చుంది. పక్క కుర్చీలో నీ కోసం బ్యాగు పెట్టి ఉంచింది. చివరి దాకా తీయలేదు.

తర్వాత గ్రీన్‌రూమ్‌కు వచ్చింది. వంగి నా మడమ పట్టుకుని ఒక వేలెడు పక్కకు జరిపింది. "ఇంకింత ఇటు పడాలె" అంది. నీకెలా తెలుసమ్మా అన్నాను. "పెరట్ల బట్టలు ఆరేసింది ఎవలనుకున్నవ్? రోజు సూసెటిదాన్ని" అంది. నా చెప్పులు తనే చేత్తో పట్టుకుని బయటికి నడిచింది.

ఆటో ఎక్కాక ఒక మాట అంది. "అంతా ఆమె తీరుగనే ఉన్నది. ఆ నవ్వు ఏడికెళ్లి తెచ్చినవ్? ఆమె నవ్వంగ నేనైతే ఎన్నడు సూడలే."

జనవరిలో ఇదే నాట్యం వరంగల్‌లో చెయ్యమని అడిగారు. చెప్పు మామా. ఆమె నవ్విందా?

నిఖిత

*

బోధన్
4 డిసెంబరు 2024

బిడ్డా,

నవ్వలే.

కాలు జరిపింది నిజం. చెప్పిన మాటలు నిజం. నేను సక్కగ ఏసిన. ఆమె లేసి, చీర దులుపుకొని, నన్ను చూడకుంట లోపటికి పోయింది. మర్నాడు పెరట్లకు రాలే. నేను గోడ కాడ ఒక్కన్నే నిలబడి, ఆమె చెప్పినట్టే కాలు ఏసుకుంట చూసిన, వస్తదేమోనని. నాలుగు దినాలు చూసిన. దీపం పెట్టుడు గూడ బంద్ చేసింది. ఇంకా మూడేండ్లు బతికింది. మళ్ల ఆడలే.

నీకు అన్ని ఒప్పుకుంటున్నప్పుడు సుత గది రాయనీకి చెయ్యి రాలే. ఆమె నవ్వింది అని రాస్తె నాకు జర తేలికైంది. యాభై ఏండ్లు నిండినోడు గిట్ల చేస్తడా అంటె, చేసిండు.

నువ్వు నవ్వితే జనం చప్పట్లు కొట్టిన్రంటివి. వరంగల్‌ల గూడ నవ్వాలనిపిస్తె నవ్వు. కాని అది తిరుపతమ్మది అని చెప్పకు. అది నేను కల్పించింది.

లింగం